ఏర్లు పుట్టే సీమలో.. ఎదురీత ఆట!

* నంది కొండల చుట్టూ నదుల పుట్టిళ్లు.. పారే నీరు మాత్రం కరువే
* గడ్డి మొలిచిన ఏటి ఒడ్డున 2028 ఒలింపిక్ స్లాలమ్
* ఆట మాట ఎలా ఉన్నా.. నీటి చదువు మన పిల్లలకు అవసరం

నాగరగెరె: ఊరి పేరులోనే చెరువుంది. కన్నడంలో 'కెరె' అంటే చెరువు. మరో మాట వెనక చేరితే అదే 'గెరె' అవుతుంది. గౌరిబిదనూరు తాలూకాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ హోబళిలో ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. చెరువు, కుంట, వంక, తూము, మరవ.. నీటికి సంబంధించిన మాటలు రెండు భాషల్లోనూ కావాల్సినన్ని ఉన్నాయి. కొరతల్లా నీళ్లకే. బాగేపల్లి, చింతామణి వైపు వెళ్లినా ఇదే కథ. వెయ్యి అడుగులు దాటి బోరు దించినా చుక్క రాని చేలున్నాయి. వచ్చిన చోట ఫ్లోరైడ్ బాధ.

ఇలాంటి చోట కూర్చుని 'కనో స్లాలమ్' గురించి మాట్లాడితే ఎవరికైనా నవ్వొస్తుంది. ఉరవడిగా పారే ఏట్లో చిన్న పడవ వేసుకుని, పైనుంచి వేలాడే కర్రల మధ్యగా వంకర్లు తిరుగుతూ దూసుకెళ్లే ఒలింపిక్ ఆట అది. తాగేందుకు బిందెడు నీళ్లకు ట్యాంకరు దారి చూసినోళ్లకు ఆడుకోవడానికి నీళ్లెక్కడివి? నిజమే. కానీ ఈ ఆట పుట్టు పూర్వోత్తరాలు తెలుసుకుంటే మనకు పనికొచ్చే సంగతులు రెండు దొరుకుతాయి. ఒకటి.. ఒకప్పుడు ఏరు ఎండి గడ్డి మొలిచిన ఊరే 2028 ఒలింపిక్స్‌లో ఈ పోటీలకు వేదికగా ఎంపికైంది. రెండోది.. ఈ ఆటలో చేరిన పిల్లలకు పడవ కంటే ముందు పారే నీటి గుణం నేర్పుతారు. ఆ చదువు మన పిల్లలకు పతకం కోసం కాకపోయినా ప్రాణం కోసం కావాలి.

పుట్టిల్లు మనది.. పరవళ్లు పక్కోళ్లవి

నంది కొండలు, వాటి చుట్టుపక్కల గుట్టలు నదులకు పుట్టిల్లు. ఉత్తర పినాకిని ఇక్కడే పుట్టి గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు సాగి పెన్న అవుతుంది. దక్షిణ పినాకిని తమిళనాడు దారి పడుతుంది. చిత్రావతి బాగేపల్లి పక్క నుంచి పుట్టపర్తికి, అక్కడి నుంచి కడప జిల్లాకు వెళ్లి పెన్నలో కలుస్తుంది. పాపాగ్నిదీ అదే దారి. కమలాపురం దగ్గర అదీ పెన్నమ్మ ఒడికే చేరుతుంది. ఇన్ని ఏర్లకు జన్మనిచ్చిన నేల ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకనే చూస్తుంది.

అయితే ఏరు రాని ఏళ్లు ఎన్నున్నా, వచ్చిన ఏడు మాత్రం చెప్పి రాదు. 2021, 2022 వానలు ఎవరూ మరిచిపోలేదు. ఏళ్ల తరబడి నెర్రెలిచ్చిన చెరువులు నిండి మరవ పారాయి. పిల్లలు మొదటిసారి అలుగు దూకే నీళ్లు చూశారు. ఆ సంబరంలోనే కష్టమూ వచ్చింది. 2021 నవంబరు 19న అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి పొంగింది. అప్పటికి ఆ మండలం అనంతపురం జిల్లాలోనే ఉండేది. వరదలో చిక్కుకున్న వారిని ఆదుకోవడానికి వెళ్లిన జేసీబీ కూడా నది మధ్యలో ఆగిపోయింది. చివరకు వాయుసేన హెలికాప్టర్ వచ్చి పది మందిని పైకి లాగింది. మన గుట్టల్లో దారాల్లా పుట్టిన నీరే దిగువన జేసీబీని కూడా కదలనివ్వలేదు.

మనకు నీళ్లతో చుట్టరికం తక్కువ. అందుకే భయం ఉండాల్సిన చోట ధైర్యం, ధైర్యం ఉండాల్సిన చోట భయం కనిపిస్తుంటుంది. మోకాటి లోతే కదా అని కల్వర్టు మీద బైకు దించేది మనమే. ఈత నేర్చుకుందామంటే పిల్లాణ్ని చెరువు దరికి వెళ్లనివ్వనిదీ మనమే.

ఇంతకీ ఏమిటీ ఆట?

కొండల్లో మంచు మీద జారుతూ జెండాల మధ్య వంకర్లు తిరిగే పోటీని 'స్లాలమ్' అంటారు. దాన్నే నీళ్ల మీదకు తెచ్చారు. ఏటికి అడ్డంగా తీగలు కడతారు. వాటి నుంచి జతలు జతలుగా కర్రలు వేలాడదీస్తారు. ఒక్కో జత ఒక గేటు. రెండు నుంచి నాలుగు వందల మీటర్ల దూరంలో 18 నుంచి 25 గేట్లు ఉంటాయి. ఆకుపచ్చ, తెలుపు చారల కర్రలుంటే నీటి వాలున దాటాలి. ఎరుపు, తెలుపు చారలుంటే దాటిపోయి, వెనక్కి తిరిగి, ప్రవాహానికి ఎదురెక్కి దాటాలి. ఎదురెక్కే గేట్లు ఆరుకు తగ్గవు. అసలు పరీక్ష అక్కడే!

కర్రకు తెడ్డు తగిలినా, పడవ తగిలినా, ఒంటి మీద చొక్కా తగిలినా 2 సెకన్లు జరిమానా. గేటు తప్పిస్తే 50 సెకన్లు. అంటే ఇక ఆశ వదులుకోవాల్సిందే. మొత్తం పరుగు ఒకటిన్నర నిమిషం అటూ ఇటూ. పడవ బరువు ఎనిమిది, తొమ్మిది కిలోలు. బియ్యం మూట కంటే తేలిక!

పడవలు రెండు రకాలు. కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడిపేది కయాక్. మోకాళ్ల మీద కూర్చుని, ఒకవైపే రెక్క ఉన్న తెడ్డుతో నడిపేది కనో. హంపి దగ్గర తుంగభద్రలో అరిగోలు ఎక్కినోళ్లకు ఒంటి రెక్క తెడ్డు సంగతి కొంత తెలిసే ఉంటుంది. తలకు హెల్మెట్, ఒంటికి నీళ్లలో తేల్చే జాకెట్ తప్పనిసరి. పడవ బోర్లా పడితే అందులోంచి బయటకు రాకుండానే తెడ్డుతో నీటిని తన్ని పైకి లేస్తారు. ఈ 'రోల్' రాని పిల్లలను పెద్ద నీటిలోకి పంపరు.

ఇంకో విశేషముంది. పోటీకి గేట్లు అమర్చాక ఆ దారిలో ఒక్కసారి కూడా సాధన చేయనివ్వరు. ఒడ్డున నడుస్తూ చూడాలి. ముందుగా వేరేవాళ్లు నడిపి చూపిస్తే గమనించాలి. ఏ రాయి వెనక నీరు ఎటు తిరుగుతోంది, ఏ గేటు దగ్గర పడవ ముక్కు ఎటు ఉండాలి.. అంతా మనసులో అచ్చు వేసుకుని దిగాలి. కండబలం ఎంతున్నా నీటిని చదవలేనివాడికి ఇక్కడ చోటు లేదు.

టోక్యోలో జరిగిందే చూడండి. 2021 జులై 27న మహిళల కయాక్ ఫైనల్. ఆస్ట్రేలియాకు చెందిన జెస్సికా ఫాక్స్ అందరికంటే వేగంగా వచ్చింది. కానీ రెండు గేట్లకు తగిలింది. 4 సెకన్లు జరిమానా కలిపితే ఆమె లెక్క 106.73 సెకన్లు. జర్మనీకి చెందిన రికార్డా ఫుంక్‌ది 105.50. బంగారం జర్మనీకి వెళ్లింది. జెస్సికాకు కాంస్యం మిగిలింది. రెండు రోజుల తర్వాత కనోలో ఆమె బంగారం కొట్టింది. 2024 పారిస్‌లో కయాక్, కనో రెండింట్లోనూ బంగారమే. చెల్లెలు నొయెమీ కయాక్ క్రాస్‌లో మరో బంగారం తెచ్చింది. తల్లి మిరియం 1996 అట్లాంటాలో ఫ్రాన్స్ తరఫున కాంస్యం గెలిచింది. తండ్రి రిచర్డ్ ఫాక్స్ బ్రిటన్ తరఫున ప్రపంచ చాంపియన్. నీటి చదువు ఇంట్లోనే ఉందన్నమాట!

మొదలైంది నిలవ నీటిలోనే

స్లాలమ్ అనగానే కొండ ఏర్లు, నురుగులు, బండరాళ్లు కళ్ల ముందు మెదులుతాయి. కానీ 1933లో స్విట్జర్లాండ్‌లో మొదటి పోటీ పెట్టింది పారే ఏట్లో కాదు. హాల్విల్ అనే సరస్సులో.. కదలని నీటిలో! తర్వాతే ప్రవాహంలోకి మారింది. 1949లో అదే దేశంలోని జెనీవాలో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు చోటు దక్కింది. అందుకోసం ఆగ్స్‌బర్గ్‌లో లేహ్ నది నీటిని మళ్లించి కాంక్రీటు కాలువ కట్టారు. అప్పట్లో జర్మనీ రెండు ముక్కలు. పశ్చిమ జర్మనీవాళ్లు కట్టిన ఆ కాలువను చూసివెళ్లిన తూర్పు జర్మనీవాళ్లు అచ్చం అలాంటిదే తమ స్వికావులో కట్టుకున్నారు. అందులోనే సాధన చేశారు. ఉన్నవి నాలుగు బంగారు పతకాలు. నాలుగూ వాళ్లే ఎత్తుకుపోయారు! తర్వాత ఇరవై ఏళ్లు ఈ ఆట ఒలింపిక్స్‌లో లేదు. 1992 బార్సిలోనాలో మళ్లీ వచ్చి, అప్పటి నుంచి ఒక్కసారీ తప్పలేదు.

మొదట పురుషులకు మూడు, మహిళలకు ఒకటే పోటీ ఉండేది. టోక్యో నుంచి మహిళల కనో చేరి లెక్క సమానమైంది. పారిస్‌లో కయాక్ క్రాస్ వచ్చింది. ఇందులో నలుగురు ఒకేసారి ఎత్తయిన వేదిక మీద నుంచి పడవలతో సహా నీళ్లలోకి దూకుతారు. ఒకరినొకరు నెట్టుకుంటూ సాగుతారు. దారిలో ఒకచోట బోర్లా పడి లేవాలి. జాతరలో బండి పందేలు చూసినోళ్లకు తెగ నచ్చే ఆట.

సెకనుకు రెండున్నర ట్యాంకర్లు!

కొండ ఏరు లేని ఊళ్లు ఏం చేశాయి? పంపులు పెట్టాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు పెన్రిత్‌లో కట్టిన కాలువలో నీటిని పంపులతో పైకి తోడి కిందికి వదులుతారు. కింద చెరువులో చేరిన నీటినే మళ్లీ పైకి తోడతారు. లండన్ 2012 పోటీలకు లీ వ్యాలీలో కట్టిన కాలువ పొడవు 300 మీటర్లు, వాలు అయిదున్నర మీటర్లు. సెకనుకు సుమారు 13 వేల లీటర్లు పారుతుంది. మన ఊళ్లకు వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకరు లెక్కన సెకనుకు రెండున్నర ట్యాంకర్లు! తిరిగేది అవే నీళ్లు కాబట్టి ఎండకు ఆవిరయ్యేది, చుట్టూ చిందేది తప్ప నష్టం తక్కువ. ఖర్చంతా కరెంటుదే.

పంపు నీళ్లు మనకు మాత్రం కొత్తా? శ్రీశైలం నీటిని మెట్టు మెట్టుగా ఎత్తి హంద్రీ-నీవా కాలువలో అనంతపురం సీమకు తెస్తున్నారు. పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయం అలా నిండిందే. ఇటు బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి చిక్కబళ్లాపురం జిల్లా చెరువులకు పంపే హెచ్.ఎన్. వ్యాలీ పథకమూ పంపుల మీదే నడుస్తోంది. నీటిని ఎత్తడం చేతకాక కాదు. ఎత్తిన నీరు ముందు ఎవరి గొంతు తడపాలన్నదే ఇక్కడి లెక్క.

కట్టినవన్నీ నిలిచాయనీ అనుకోవద్దు. 2004 ఏథెన్స్ పోటీలకు పాత విమానాశ్రయం ఆవరణలో సముద్రపు నీటితో నడిచే కాలువ కట్టారు. ఒలింపిక్స్ అయ్యాక అది పాడుబడింది. రియోలో మాత్రం పోటీలకు ముందే, 2015 డిసెంబరులో, డియోడోరో కాలువ కింది చెరువును చుట్టుపక్కల పేదల వాడల పిల్లలకు ఈత కోసం తెరిచారు. కట్టింది నిలవాలన్నా, పాడుపడాలన్నా దాన్ని వాడుకునే జనాన్ని బట్టే ఉంటుంది.

గడ్డి కోయించిన ఏరు

మన సీమకు దగ్గరి చుట్టంలా అనిపించే కథ అమెరికాలో ఉంది. ఓక్లహోమా సిటీ మధ్య నుంచి నార్త్ కెనేడియన్ అనే నది పోతుంది. పేరుకే నది. వరదల భయంతో ఎప్పుడో దాన్ని తిన్నటి కాలువలా చేశారు. తర్వాత నీళ్లు లేక గడ్డి మొలిచేది. ఏటా మనుషులను పెట్టి ఏట్లో గడ్డి కోయించేవారు! కోత యంత్రం తిరిగే నది మాదొక్కటే అని ఆ ఊరివాళ్లే జోకులేసుకునేవారు.

1993లో ఆ ఊరివాళ్లు ఓటింగు పెట్టుకున్నారు. కొనే ప్రతి డాలరు సరుకు మీద ఒక సెంటు అదనపు పన్ను కట్టి ఊరు బాగు చేసుకుందామని తీర్మానించుకున్నారు. ఆ డబ్బుతోనే నదికి అడ్డుగా చిన్న ఆనకట్టలు కట్టి నీరు నిలిపారు. ముందు నిదానపు నీటిలో పడవ పందేలు వచ్చాయి. బడి పిల్లలు తెడ్డు పట్టారు. 2009లో మరోసారి ఓటు వేసి, అలాంటి పన్ను సొమ్ముతోనే పంపుల మీద నడిచే ఉరవడి కాలువ కట్టుకున్నారు. ఖర్చు సుమారు నాలుగున్నర కోట్ల డాలర్లు. 2016లో తెరిచారు. 2028 ఒలింపిక్స్ లాస్ ఏంజెలిస్‌వే అయినా, అక్కడ కొత్తగా కాలువ కట్టడం దండగని నిర్వాహకులు స్లాలమ్‌ను రెండు వేల కిలోమీటర్ల అవతల ఉన్న ఈ ఊరికి ఇచ్చారు.

నాలుగున్నర కోట్ల డాలర్లు మనం తేలేం. తేవాలని అడగడమూ న్యాయం కాదు. చేనుకు, గొంతుకు చాలని చోట ఆటకు కాలువ తవ్వమంటే జనం చీవాట్లు పెడతారు. అయితే వాళ్లు నడిచిన వరస మాత్రం గమనించాలి. మొదట నీరు నిలిపారు. తర్వాత పిల్లలను నీళ్లలోకి దించారు. ఉరవడి కాలువ ఆఖరున వచ్చింది.

గుహుడి వారసులు

మన దేశంలో ఈ ఆటకు చిరునామా నర్మద ఒడ్డు. మధ్యప్రదేశ్‌లోని మహేశ్వర్ దగ్గర నది రాళ్ల మధ్య పాయలు పాయలుగా చీలి పారుతుంది. ఆ చోటు పేరే సహస్రధార. జాతీయ స్లాలమ్ పోటీలు అక్కడ జరిగాయి. కాలువ కట్టనక్కర్లేదు, పంపు పెట్టనక్కర్లేదు. నదే మైదానం.

హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్ 2023లో జరిగాయి. స్లాలమ్‌లో మన దేశం తరఫున దిగినవాళ్ల పేర్లు చూడండి.. విశాల్ కేవట్, హితేశ్ కేవట్, శుభమ్ కేవట్, శిఖా చౌహాన్. కేవట్‌లంటే పడవ నడిపేవాళ్లు. రాముణ్ని గంగ దాటించిన గుహుడి వంశమని ఉత్తరాదిన చెప్పుకుంటారు. తరతరాలుగా చేతిలో ఉన్న తెడ్డు ఇప్పుడు దేశం జెర్సీతో బరిలోకి దిగింది. పతకం రాలేదు. కానీ అదే ఏషియన్ గేమ్స్‌లో నిదానపు నీటిలో జరిగే కనో పందెంలో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ జోడీ కాంస్యం తెచ్చింది. అంతకు ముందు ఈ క్రీడలో మనకు ఏషియన్ గేమ్స్ పతకం వచ్చింది 1994 హిరోషిమాలో. ఇద్దరిలో సునీల్‌ది మణిపూర్. లోక్‌తక్ సరస్సులో చేపలు పట్టే ఇంటి బిడ్డ.

మరి మన తెలుగు నేల మాటేమిటి? గోదావరి, కృష్ణ పెద్ద నదులే. కానీ మైదానంలోకి వచ్చేసరికి వాటిది నిదానపు నడక. స్లాలమ్‌కు కావాల్సింది వెడల్పు కాదు, వాలు. అది కొండల్లో ఉంటుంది, లేదంటే ఆనకట్టల కింద ఉంటుంది. 2018 ఏషియన్ గేమ్స్ స్లాలమ్ ఇండోనేసియాలో జరిగింది ఒక సాగునీటి ఆనకట్ట దగ్గరే. మన కర్ణాటకలోనే దండేలి దగ్గర కాళీ నదిలో రాఫ్టింగ్ అంతా పైన సూపా డ్యాం నుంచి వదిలే నీటి మీద ఆధారపడి నడుస్తుంది. కేరళలో కోళిక్కోడ్ జిల్లా కోడంచేరి వైపు వానాకాలంలో ఉరకలేసే చిన్న ఏర్లలో 2013 నుంచి మలబార్ రివర్ ఫెస్టివల్ పేరుతో కయాకింగ్ పోటీలు పెడుతున్నారు. స్లాలమ్ అందులో ఒకటి. బెంగళూరు నుంచి ఒక రాత్రి బస్సు ప్రయాణం. చూసి రావాలనుకునే కుర్రాళ్లకు అంతకంటే దగ్గరి దారి లేదు.

చిన్న దేశాలకూ, చిన్న ఊళ్లకూ ఈ ఆట అవకాశమిచ్చింది. స్వతంత్ర దేశమైన స్లొవేకియాకు మొదటి ఒలింపిక్ బంగారం 1996లో కనో స్లాలమ్‌లోనే వచ్చింది. తెచ్చినవాడు మిహాల్ మార్టికాన్. ఆఫ్రికాలోని టోగో చరిత్రలో మొదటి ఒలింపిక్ పతకమూ ఇందులోదే. 2008 బీజింగ్‌లో బెంజమిన్ బుక్‌పేతి కాంస్యం గెలిచాడు. పుట్టి పెరిగింది ఫ్రాన్స్‌లో, తండ్రి ఊరు టోగో. సరిహద్దు అవతల ఒక కాలు, ఇవతల ఒక కాలు వేసి బతికే మనకు ఆ సంగతి వేరే చెప్పాలా?

ఏరును చదవడం అంటే ఇదీ

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. స్లాలమ్ కోచ్‌లు పిల్లలకు నేర్పే నీటి పాఠాల్లో కొన్ని మన వంకలకు, మరవలకు అచ్చంగా సరిపోతాయి.

*లోతు కాదు, వేగం చూడు:* నీటి వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. ఉరవడిగా పారే అరడుగు నీరు మనిషి కాళ్లు లాగేయగలదు. రెండడుగులుంటే కారును తేల్చుకుపోగలదు. 'మోకాటి లోతే' అన్న మాట అందుకే ప్రాణం తీస్తుంది. పైగా బురద నీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో కనిపించదు.

*రాయి వెనక నీడ ఉంటుంది:* ప్రవాహంలో బండరాయి ఉంటే దాని దిగువన నీరు వెనక్కి తిరిగి, నెమ్మదిస్తుంది. స్లాలమ్ ఆటగాడు ఎదురెక్కేది ఈ వెనక నీటి సాయంతోనే. కొట్టుకుపోయే మనిషికి ఊపిరి తీసుకునే చోటు కూడా అదే. నీటికి ఎదురు ఈదితే గెలవలేం. ఒడ్డు వైపు ఏటవాలుగా ఈదుతూ ఇలాంటి చోటికి చేరాలి.

*నిలబడాలని చూడొద్దు:* కొట్టుకుపోతున్నప్పుడు కాళ్లు కింద ఆనించాలనిపిస్తుంది. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే వెనకొచ్చే నీరు మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. వెల్లకిలా తేలాలి. కాళ్లు దిగువకు, పైకెత్తి ఉంచాలి. నీరు నెమ్మదించి, లోతు తగ్గాకే లేవాలి.

*కంప చెట్లు జల్లెడ లాంటివి:* మన ఏట్లో నీళ్లు లేని ఏళ్లలో పెరిగిన కంప చెట్లే వరదలో పెద్ద గండం. నీరు కొమ్మల సందుల్లోంచి పోతుంది, మనిషి చిక్కుకుంటాడు. చెట్టు పట్టుకుంటే బతుకుతామనుకుంటాం. తప్పించుకునే వీలుంటే దూరంగా ఈదాలి. తప్పకపోతే మాత్రం బోర్లా తిరిగి, బలంగా ఈది, కొమ్మ పైకి ఎగబాకాలి. కిందికి జారకూడదు.

*చెక్‌డ్యాం కింద మృత్యుచక్రం:* పైనుంచి చూస్తే చిన్న గోడ, దాని మీద నుంచి పలచగా జారే నీరు. ఎంత అందంగా ఉంటుందో! కానీ జారిన నీరు కింద గుండ్రంగా తిరిగి మళ్లీ గోడ వైపే లాగుతుంది. అందులో పడ్డ కట్టె ముక్క గంటల తరబడి అక్కడే మునిగి తేలుతుంటుంది. మనిషికీ అదే గతి. జలపాతాలు దూకే కయాకర్లు కూడా ఇలాంటి గోడ కనిపిస్తే పడవ భుజాన వేసుకుని ఒడ్డు మీద నడిచిపోతారు. మన దగ్గర వంక వంకకూ చెక్‌డ్యాం ఉంది. నీళ్లొచ్చిన రోజు పిల్లలంతా సెల్ఫీలకు చేరేది అక్కడికే.

*కాపాడబోయి దూకొద్దు:* ముందు కర్ర అందించు, లేదంటే తాడు విసురు. చేతికందక దూకినవాడు రెండో బాధితుడవుతాడు. తాడును నడుముకు కట్టుకోవద్దు. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, ట్యూబు.. తేలేది ఏదైనా విసరొచ్చు. ఆ వెంటనే 112కు ఫోను చేయాలి.

మనం చేయగలిగింది

ఒలింపిక్ కాలువ మనకు దూరపు కొండ. ఈత మాత్రం దూరం కాదు. చెరువు నిండిన ఏడాది పంచాయతీ, బడి, ఊళ్లో ఈత తెలిసిన పెద్దలు కలిస్తే చాలు. మట్టి కోసం తవ్విన గుంతలు ఎక్కడున్నాయో నీళ్లు చేరకముందే గుర్తించి, నిండాక అక్కడ జెండా పాతాలి. చెరువుల్లో పిల్లలు మునిగేది ఎక్కువగా ఆ గుంతల్లోనే. లోతు తెలిసిన దరిలో, తాడు కట్టి, జాకెట్లు వేసి, పెద్దల కాపలాలో నేర్పాలి. శుద్ధి చేసిన మురుగునీరు వదిలే చెరువులను ఇందుకు వాడకూడదు.

ఈత వచ్చిన పిల్లలకు ఆ తర్వాత తెడ్డు. 1933లో హాల్విల్ సరస్సులో చేసినట్టు నిలవ నీటిలోనే రెండు వెదురు కర్రలు తాడుకు వేలాడదీస్తే అది గేటే. అంతర్జాతీయ ఆటగాళ్లు కూడా నిదానపు నీటిలో గేట్ల సాధన చేస్తూనే ఉంటారు. పడవ తిప్పడం, తెడ్డుతో ఆపడం, బోర్లా పడి లేవడం.. ఇవన్నీ నేర్చుకోవడానికి ప్రవాహం అక్కర్లేదు. ప్రవాహం రుచి చూడాలంటే దండేలి ఉంది. సాహస క్రీడల్లో శిక్షణ ఇవ్వడానికి బెంగళూరులో కర్ణాటక ప్రభుత్వ జనరల్ తిమ్మయ్య జాతీయ సాహస అకాడమీ ఉంది. నాగరగెరె పిల్లలు కర్ణాటక వైపు నుంచి, నాలుగు మైళ్ల అవతలి పిల్లలు ఆంధ్ర వైపు నుంచి పోటీ పడాల్సి ఉంటుంది. జట్లు వేరైనా నేర్చుకునే చెరువు ఒకటే కావచ్చు.

హాంగ్‌ఝౌ దాకా వెళ్లేవాడు ఈ సీమ నుంచి పుడతాడో లేదో కాలం చెప్పాలి. చిత్రావతి, పినాకిని, పాపాగ్ని మాత్రం ఏదో ఒక ఏడు మళ్లీ పొంగుతాయి. అది పక్కా. ఆ రోజు కల్వర్టు దగ్గర బైకు ఆపి, నీటి వంక ఒక్క నిమిషం చూసి, 'వద్దులే మామా, నీళ్ల వేగం బాగా లేదు' అని వెనక్కి తిప్పే కుర్రాడు ఊరికి పదిమంది తయారైతే ఈ ఆట మనకు ఇవ్వాల్సింది ఇచ్చినట్టే.